చెల్లెలికి బదులుగా

కత్తెర పెట్టేముందు ఆమె గుడ్డ మీద అరచేయి పరిచి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకసారి జరుపుతుంది. ముడత ఉన్నా జరుపుతుంది, లేకపోయినా జరుపుతుంది. అప్పుడు గుడ్డ వంక చూడదు. చూడాల్సింది చెయ్యే చూసుకుంటుంది. బట్టల దుకాణం వెనక గదిలో కొలతలు వేసి గుడ్డ కోసే పని ఆమెది. దర్జీలందరూ ఆమెను మాస్టరమ్మ అంటారు. ఇంటికి వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. బల్ల మీద పేపరు, మంచం మీద దుప్పటి, ఎదురుగా చిన్నపిల్ల నిలబడితే ఆ పిల్ల జుట్టు, అన్నీ ఆ అరచేతి కిందుగా వెళ్ళాల్సిందే.

"మా అక్క ముందు మనిషిని చదును చేస్తుంది, తర్వాత పలకరిస్తుంది" అనేది చెల్లెలు.

అక్కచెల్లెళ్ళ మధ్య వయసు తేడా చాలా ఉంది. చెల్లెలు పుట్టిన రోజు అక్క తల్లి మంచం దగ్గరికి పరిగెత్తుకెళ్ళి ఒళ్ళోకి ఎక్కబోతే, తల్లి ఆపి, "నువ్వు పెద్దదానివి కదమ్మా" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. ఆ మాటతో ఆమె పెద్దదైపోయింది. చెల్లెలికి జడలు వేసింది. బడికి తీసుకెళ్ళింది. తల్లి పోయాక దగ్గరుండి పెళ్ళి చేసింది. అన్నీ చేసింది, చేస్తూనే లోలోపల ఉడికింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెల్లెల్నే ఎత్తుకునేవారు. చెల్లెలు ఏడిస్తే ఇల్లంతా కదిలేది. తను ఏడిస్తే, పెద్దదానివి కదా అనేవారు.

ఆమెకూ పెళ్ళయింది. కడుపు పండలేదు. మొగుడు కొన్నేళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత ఓర్చుకోవడం మానేసి వేరే చోట వేరే కాపురం పెట్టుకున్నాడు. అతను వెళ్ళిన మర్నాడు ఆమె మామూలు వేళకే పనికి వెళ్ళింది. దాని గురించి దుకాణంలో ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. కాకపోతే, ఎవరైనా కడుపుతో ఉన్న మనిషి కొలతలకు వస్తే మాత్రం, టేపును గుండీలు కుట్టే ఆవిడ చేతిలో పెట్టి తను మంచినీళ్ళకు వెళ్ళేది. గుండీల ఆవిడ ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టింది. కనిపెట్టి, నోరు మెదపకుండా కొలతలు తీసేది.

అసూయ అనే మాటను మాస్టరమ్మ తన విషయంలో వాడుకోలేదు. ఒంట్లో వేడి చేసింది అనుకునేది. చల్లటి నీళ్ళు తాగేది.

చెల్లెలు పురుటికి ఆమె దగ్గరికే వచ్చింది. వేరే ఎవరూ లేరు. మరిది లారీ నడుపుతాడు. సరుకు ఎక్కడో దింపి, ఎక్కడో ఎక్కించుకుని, ఆ దారిలో ఈ ఊరు తగిలినప్పుడు వస్తాడు. ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది, కుట్లు పడ్డాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు చెల్లెలు మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి, పైకి చేరాక గోడకు ఆనుకుని, "ఇంక నేను దిగనే. నన్ను ఇక్కడే ఉంచెయ్యి" అంది. ఇల్లు సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద, పై అంతస్తులో ఉంది. రెండు గదులు, వంటిల్లు. కిటికీ తెరిస్తే కింద చక్రాలు తిప్పి చూస్తున్న చప్పుడు వినబడుతుంది.

పాపను మాస్టరమ్మ ఎత్తుకుని వచ్చింది. పైకి చేరాక కూడా దింపలేదు.

వీధి చివర ఆరోగ్యకేంద్రం ఉంది. కొత్తగా బిడ్డను కన్నవాళ్ళకు అక్కడ వారానికి ఒకరోజు పొద్దున పాఠం చెబుతారు. బిడ్డను తూస్తారు. తల్లి రాలేకపోతే ఇంట్లోవాళ్ళెవరైనా వచ్చి నేర్చుకుని వెళ్ళి చెప్పవచ్చు అన్నారు. చెల్లెలు మెట్లు దిగలేదు కాబట్టి మాస్టరమ్మ పాపను తువ్వాలులో చుట్టుకుని వెళ్ళింది.

గోడ వెంబడి బెంచీలు వేశారు. తల్లులు ఒకవైపు, వెంట వచ్చినవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. పాఠం చెప్పే నర్సు కాస్త బొంగురు గొంతు మనిషి. చేతిలో గుడ్డతో కుట్టిన పెద్ద బొమ్మ ఉంది. గుమ్మంలో నిలబడ్డ మాస్టరమ్మను చూసి, "లోపలికి రా అమ్మా, అక్కడ కూర్చో" అంటూ తల్లుల బెంచీ చూపించింది.

నేను తల్లిని కాదండీ అనాలి. అనడానికి నోరు తెరిచింది కూడా. ఈలోపు కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక తల్లి పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చుంది.

"మీకు మామూలు కాన్పేనా, ఆపరేషనా?" అని అడిగింది కళ్ళద్దాల తల్లి.

"మామూలుదే" అంది మాస్టరమ్మ. నిజానికి అది అబద్ధం కాదు. చెల్లెలిది మామూలు కాన్పే.

"అబ్బ, భలే తేరుకున్నారండీ. పొట్టే లేదు. నన్ను చూడండి, ఇంకా లోపల ఒకరు మిగిలిపోయినట్టు ఉన్నాను."

అవతల కవలల తల్లి నవ్వింది. "నాకైతే ఇద్దరు వెళ్ళినా ఖాళీ అవలేదు" అంది. "ఏం తింటున్నారండీ మీరు?"

"దొరికింది తింటున్నాను" అంది మాస్టరమ్మ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇలా నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని తన ఒంటి గురించి తనే నవ్వుకోవడం ఆమెకు ఇదే మొదలు. ఒంట్లో వేడి లేదు. ఎప్పుడు తగ్గిందో తెలియలేదు.

నర్సు పాఠం మొదలుపెట్టింది. బిడ్డను ఎలా పట్టుకోవాలో బొమ్మతో చూపించింది. బిడ్డ కడుపు తల్లి కడుపుకు తగలాలి. తల ఒక్కటే తిప్పితే మెడ నొప్పి పుట్టి వదిలేస్తుంది. నోరు బాగా తెరిచేదాకా ఆగాలి. తెరిచాక బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి గానీ రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకూడదు. చనుమొన ఒక్కటీ చప్పరిస్తే పుండు పడుతుంది, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలి.

తర్వాత బొమ్మను పక్కన పెట్టి, "ఇది బొమ్మకి కాదు, మీకు" అంది. "బిడ్డ పుట్టాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బిడ్డనే చూస్తారు. తల్లి తిన్నదా, పడుకున్నదా, ఎందుకు ఏడుస్తోంది, ఒక్కరూ అడగరు. పాలిచ్చాక బిడ్డని ఇంకొకరు తీసుకోవాలి, తల్లిని నిద్రపోనివ్వాలి. పాల వేళకి మళ్ళీ లేపాలి. లేపకుండా వదిలేస్తే పాలు నిలిచి గట్టిపడతాయి, జ్వరం వస్తుంది. ఊరికే ఏడుపొస్తున్నా, బిడ్డ మీద మనసు పోకపోయినా దాచొద్దు. అది మీ తప్పు కాదు. నాకు చెప్పండి."

మాస్టరమ్మ అంతా విన్నది. ఒక్కసారి విన్న కొలత ఆమె మరిచిపోదు.

ఇంటికి వచ్చాక చెల్లెలు దిండుకు ఆనుకుని అడిగింది.

"ఏం చెప్పారక్కా?"

"నిన్ను నిద్రపొమ్మన్నారు."

"అంతేనా?"

"అంతే. తల్లికి నిద్ర ముఖ్యమట. పడుకో."

చెల్లెలి కళ్ళు చెమర్చాయి. "నిజంగా అలా చెప్పారా? నా గురించి?" అని పడుకుంది.

ఆ సాయంత్రం మాస్టరమ్మ మందుల షాపులో పాలపొడి డబ్బా, సీసా కొన్నది. నీళ్ళు మరిగించి చల్లార్చి, డబ్బా మీద రాసినట్టే కలిపింది. చెల్లెలు గాఢంగా నిద్రపోతోంది. లేపడానికి మనసు రాలేదు అని తనకు తాను చెప్పుకుంది. ముందు గదిలో కుర్చీలో కూర్చుని సీసా పట్టింది. పాప కాసేపు వెతుక్కుని తర్వాత తాగింది. తాగుతూ ఆమె చూపుడువేలిని పిడికిట్లో పట్టుకుంది. ఆ వేలికి కత్తెర పట్టి పట్టి కాయ కాసింది. పాపకు అదేమీ పట్టలేదు.

ఒక పూట రెండు పూటలయింది. ఆమె దుకాణానికి సెలవు పెట్టింది. పాప ఏడవగానే తనే ముందు లేచేది. చెల్లెలు తలుపు దాకా వచ్చేసరికి పాప ఆమె భుజం మీద ఉండేది.

"ఇటియ్యి, పాలిస్తాను."

"ఇప్పుడే తాగింది. నువ్వెళ్ళి పడుకో."

"పడుకునే ఉన్నాను కదే పొద్దుట్నుంచీ."

"నర్సు చెప్పింది."

చెల్లెలు గుమ్మానికి ఆనుకుని నిలబడి చూసేది. పాప అక్క గొంతుకు మెడ తిప్పడం, అక్క గొలుసు పట్టుకుని లాగడం. ఒకసారి తను ఎత్తుకుంటే పాప కాళ్ళు కొట్టుకుని ఏడ్చింది. అక్క తీసుకోగానే ఆగింది.

"దీనికి నేనెవరో తెలియడంలేదు" అంది చెల్లెలు.

"పిచ్చిదానా, ఇంకా వెలుగూ చీకటీ తెలియడంలేదు దానికి."

"నువ్వు తెలుస్తున్నావుగా."

మాస్టరమ్మ పాప జుట్టును అరచేత్తో చదును చేసింది. సంతోషంగా ఉన్నప్పుడు ఆమె జవాబులు చెప్పదు.

చెల్లెలు వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. గిన్నె కడుగుతూ ఏడ్చేది. ఒకవైపు రొమ్ము బరువుగా ఉంది, సలుపుతోంది అని చెప్పింది. "మొదట్లో అంతే, అదే తగ్గుతుంది" అంది మాస్టరమ్మ. నర్సు చెప్పిన మాట అప్పుడు గుర్తుకు రాలేదని కాదు. గుర్తుకు వచ్చింది. వచ్చిన మాటను పట్టుకుని పక్కన పెట్టింది. కోతలో మిగిలిన ముక్కను ఎందుకైనా పనికొస్తుందని పక్కన పెట్టినట్టు.

మళ్ళీ వారం పాఠం రోజు పొద్దున, చెల్లెలు దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుని ఉంది. పళ్ళు టకటకమంటున్నాయి. "చలేస్తోందక్కా. ఇటు రాయిలా ఉంది, ముట్టుకోలేకపోతున్నాను" అంది. మాస్టరమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది.

ఆమెకు భయం వేసింది. పాపను ఎత్తుకుని ఆరోగ్యకేంద్రానికి దాదాపు పరిగెత్తింది.

తల్లుల బెంచీ మీద ఆమె చోటు ఆమెకు ఉంచారు. "రండి రండి" అంది కళ్ళద్దాల తల్లి. పాపను తూసి నర్సు, "బరువు బాగానే పెరిగింది. చూడండమ్మా, ఈవిడ ఎలా తేరుకున్నారో. ఒంటి మీద శ్రద్ధ ఉంటే ఇలా ఉంటుంది" అంది. కవలల తల్లి, "మీ రహస్యం చెప్పి తీరాల్సిందే" అని భుజం తట్టింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పాలనే వచ్చింది. కానీ ఆ భుజం మీద పడ్డ చెయ్యి వెచ్చగా ఉంది. ఇప్పుడు నిజం చెబితే ఆ చెయ్యి తీసేస్తారు. ఎదుటి బెంచీకి పంపిస్తారు. అత్తగార్లూ ఆడపడుచులూ సంచులు పట్టుకుని కూర్చునే బెంచీకి. ఆమె చెల్లెలికి మందు కావాలి, తనకు ఈ చోటు కూడా కావాలి. రెండూ దక్కే దారి ఒకటి తోచింది.

నర్సు వరసలో ఒక్కొక్కరినే, "మీరెలా ఉన్నారు?" అని అడుగుతూ వచ్చింది. ఆమె దగ్గర ఆగింది.

"ఒకవైపు రాయిలా అయింది" అంది మాస్టరమ్మ మెల్లగా. "చలి, జ్వరం. ఏడుపు కూడా వస్తోంది."

నర్సు ముఖం మారింది. "జ్వరమా? మరి అలా నవ్వుతూ కూర్చున్నారేంటి? లేవండి, లోపలికి రండి."

తెర వెనక చిన్న మంచం ఉంది. పాపను కళ్ళద్దాల తల్లి ఎత్తుకుంది. నర్సు చేతులు కడుక్కుని వచ్చి, "జాకెట్టు హుక్కులు తియ్యమ్మా" అంది.

ఆమె కదల్లేదు.

"సిగ్గెందుకు? నేను రోజూ చూసేదే."

ఆమె చేతులు హుక్కుల దాకా వెళ్ళి ఆగాయి. ఎన్ని వేల జాకెట్లు కోసిందో, ఎంతమంది ఛాతీ కొలిచిందో. ఇవాళ తన జాకెట్టు తనకు ఇనుపదైంది.

"నాకు కాదు" అంది.

"ఏం కాదు?"

"జ్వరం నాకు కాదు. మా చెల్లెలికి. పాప నాది కాదండీ."

నర్సు ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, ఆ మాట జ్వరంలో అన్నదేమో అన్నట్టు. నుదురు చల్లగానే ఉంది.

"పాలెవరిస్తున్నారు మరి?"

"సీసా. నేనే పడుతున్నాను."

"ఆవిడ?"

"నిద్రపోతోంది. మీరే చెప్పారు కదా."

తెర అవతల మాటలు ఆగిపోయాయి. చెవులకు గుడ్డ తెర ఏమీ అడ్డు కాదు. నర్సు "ఇల్లెక్కడ?" అని మాత్రం అడిగి, సంచీ తీసుకుని, బయటి గదిలో వాళ్ళను కాసేపు ఆగమని చెప్పింది. కళ్ళద్దాల తల్లి పాపను తిరిగి ఇస్తూ మాస్టరమ్మ ముఖం వంక చూడలేదు. పొట్ట వంక చూసింది.

ఇద్దరూ మెట్లెక్కి వచ్చేసరికి చెల్లెలు లేచి కూర్చుని ఉంది. నర్సు జ్వరం చూసింది, రొమ్ము చూసింది. ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంది. "ఇవాళే డాక్టరుకి చూపించాలి, మందు వాడాలి. నేను ఫోన్ చేసి చెబుతాను. కానీ ముందు పాలివ్వాలి. ఈ వైపు కూడా. మానెయ్యకూడదు. ఇచ్చాక చల్లటి గుడ్డ వెయ్యండి, నొప్పి తగ్గుతుంది" అంది.

పాపను చెల్లెలి ఒళ్ళో పెట్టింది. పాప ముఖం తిప్పుకుని కెవ్వుమంది. చెల్లెలు కంగారుపడి కిందికి వంగింది. పాప ఇంకా ఏడ్చింది, తల వెనక్కి విరిచింది, మాస్టరమ్మ నిలబడ్డ వైపు.

ఒక్క క్షణం మాస్టరమ్మ గుండె పొంగింది. ఇంత జరిగాక కూడా పొంగింది. అది నన్నే వెతుకుతోంది.

"నా వల్ల కాదు" అంది చెల్లెలు. ముఖం చెమటతో తడిసింది. "అక్కకే ఇచ్చెయ్యండి. అది అక్కకే అలవాటు."

నర్సు మాస్టరమ్మ వైపు తిరిగింది. "మీరు విన్నారు కదా పాఠం. చెప్పండి ఆవిడకి. నాకన్నా మీ గొంతు బిడ్డకి తెలుసు."

గదిలో పాప ఏడుపు తప్ప ఇంకేమీ లేదు. కింద కొట్లో చక్రం ఒకటి తిరిగి తిరిగి ఆగింది. చెబితే పాప ఆ వైపు వెళ్ళిపోతుంది. అది ఆమెకు తెలుసు. చెప్పకపోతే చెల్లెలి ఒళ్ళు పాడైపోతుంది. అదీ తెలుసు. ఆమె మంచం అంచున కూర్చుంది.

"వంగకు" అంది. "నువ్వు వంగితే నీ నడుం పోతుంది, దాని నోరు జారుతుంది. వెనక్కి ఆనుకో. ఊఁ. దాని పొట్ట నీ పొట్టకి ఆనించు. తల తిప్పకు, మనిషినే తిప్పు. అలా. ఇప్పుడు ఆగు."

"ఏడుస్తోందే."

"ఏడవనీ. ఏడుస్తే నోరు తెరుస్తుంది. ఆగు. ఆగు. ఇప్పుడు, దగ్గరికి తీసుకో."

పాప నోరు పట్టింది. చెల్లెలు పళ్ళు బిగించి, "అమ్మా" అంది. తర్వాత బిగించిన పళ్ళు వదిలింది. ఏడుపు ఆగింది. గుటకలు వినిపించాయి. పాప వేళ్ళు గాలిలో కాసేపు దేనికోసమో తెరుచుకుని, తల్లి ఒంటి మీద వాలాయి.

నర్సు ఫోన్ చెయ్యడానికి ముందు గదిలోకి వెళ్ళింది.

"ఇవన్నీ నీకు ఎప్పుడు తెలుసు?" అంది చెల్లెలు, పాప మీంచి చూపు తియ్యకుండా.

"మొదటి పాఠంలోనే చెప్పారు."

"మరి నాకు చెప్పలేదేం?"

మాస్టరమ్మ దుప్పటి మీద అరచేయి పరిచి జరిపింది. "నువ్వు నిద్రపోయినంతసేపూ అది నాది" అంది.

చెల్లెలు తలెత్తింది. "నేను నిద్రపోలేదు. ఎన్నోసార్లు కళ్ళు మూసుకుని పడుకున్నానంతే. నువ్వు దానికి కబుర్లు చెబుతుంటే వింటూ పడుకున్నాను. నిన్ను కొట్టాలనిపించేది."

"కొట్టాల్సింది."

"కొడితే పాప ఏడుస్తుందని." పాప తల సర్దుకుని, "నర్సుగారు మెట్లెక్కుతూ అంటుంటే విన్నాను. పాఠం దగ్గర వాళ్ళంతా నిన్నే తల్లి అనుకున్నారా?" అంది.

"ఆఁ."

"నువ్వేమన్నావు?"

"పొట్ట లేదన్నారు. ఊరుకున్నాను."

చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి, రొమ్ము సలిపింది, నవ్వుతూనే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మాస్టరమ్మ నవ్వలేదు. పాప బుగ్గ లోపలికీ బయటికీ ఆడుతోంది. ఆ బుగ్గ చూస్తూ కూర్చుంది. సీసా పట్టినప్పుడు అది అలా ఆడలేదు.

"మళ్ళీ ఎప్పుడైనా ఇలా చేస్తే ఈ ఇంట్లో ఉండను" అంది చెల్లెలు. నవ్వు పోయింది. "కుట్లు తెగినా సరే, మెట్లు దిగి పోతాను. విన్నావా అక్కా?"

"విన్నాను."

ఆ రోజంతా పాల వేళకు చెల్లెల్ని లేపింది. దిండ్లు అమర్చింది, గుడ్డ తడిపి పిండి ఇచ్చింది, డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళి తీసుకొచ్చింది. పాలు తాగాక పాపను భుజాన వేసుకోమని చెల్లెలు ఇస్తే తీసుకుంది. అడిగితే ఇచ్చేసింది. ప్రతిసారీ ఇచ్చేటప్పుడు ఒంట్లో వేడి లేచింది. నీళ్ళు తాగలేదు. ఆ వేడికి ఆమె దగ్గర ఇప్పుడు సరైన పేరు ఉంది.

మర్నాడు పొద్దున చెల్లెలికి జ్వరం తగ్గింది. మాస్టరమ్మ పాలు కాచి, రొట్టె కాల్చి, మందు బిళ్ళ పక్కన నీళ్ళు పెట్టి, తల దువ్వుకుంది. సెలవు ఇంకా మిగిలే ఉంది. అయినా దుకాణానికి బయల్దేరింది. తలుపు దగ్గరికి వేసి సగం మెట్లు దిగేసరికి పైన పాప ఏడుపు మొదలైంది. కాలు ఆగింది. చెయ్యి గోడ పట్టుకుంది. ఏడుపు పెరిగింది, పెరిగింది, ఒక్కసారిగా ఆగిపోయింది. తను లేకుండా అంత తొందరగా ఆగినందుకు ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మిగిలిన మెట్లు దిగి వీధిలోకి నడిచింది.